ఊ కొట్టే బిడ్డ, ఊతమిచ్చే ఊరు



తెలుగిళ్లలో రాత్రిపూట పిల్లలకు కథ చెప్పే పద్ధతికి ఒక నియమం ఉంది. కథ చెప్పే అమ్మమ్మ గానీ తాతయ్య గానీ ఒక ముక్క చెప్పి ఆగుతారు. వింటున్న బిడ్డ ఊ కొట్టాలి. ఊ వినపడకపోతే కథ ముందుకు సాగదు. నిద్ర ముంచుకొచ్చి బిడ్డ ఊ కొట్టడం మానేస్తే ఆ రాత్రికి కథా అక్కడితో సరి. మాటకు మాట, చూపుకు చూపు, నవ్వుకు నవ్వు బదులుగా అందే ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే శిశువికాస శాస్త్రం, అంటే పుట్టిననాటి నుంచి బిడ్డ శరీరమూ బుద్ధీ మనసూ ఎదిగే తీరును పరిశీలించే శాస్త్రం, ఎదుగుదలకు ఆధారంగా గుర్తించింది. పిల్లల ఎదుగుదలలో తల్లిదండ్రుల పాత్ర ఎంత, పరిసరాల పాత్ర ఎంత అన్న విచారణను ఈ ఊ కొట్టడం దగ్గర మొదలుపెట్టడం సమంజసంగానే ఉంటుంది. అందులో చెప్పేవారు ఉన్నారు, వినేవారు ఉన్నారు, కథ చెప్పేంత తీరిక కూడా ఉంది. చెప్పేవారి గురించి, వినేవారి గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవారు తక్కువ.

నిజానికి బిడ్డ ఊ కొట్టడం కథల వయసు కంటే చాలా ముందే మొదలవుతుంది. మూడు నెలల పసికందు ఉంగా ఉంగా అంటూ ఊసులాడితే, పక్కనున్న తల్లి "అవునా తల్లీ, ఇంకా ఏమిటి కబుర్లు" అంటూ బదులిస్తుంది; ఆమె ఆగగానే బిడ్డ మళ్లీ అందుకుంటుంది. అర్థం తెలియకపోయినా వంతు తెలుస్తుంది. ఈ వంతులాటలోనే మెదడు తయారవుతూ ఉంటుంది. తొలి రెండు మూడేళ్లలో మెదడులోని నాడీకణాల మధ్య లెక్కకు అందనన్ని సంధులు, అంటే ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం దాటే చోట్లు, అతివేగంగా ఏర్పడతాయి. పదే పదే వాడుకలో ఉన్న సంధులు గట్టిపడతాయి, వాడని వాటిని మెదడే క్రమంగా తొలగించుకుంటుంది. ఏవి వాడుకలో ఉంటాయన్నది చాలావరకు బిడ్డ చుట్టూ ఉన్నవారు ఎంత పలకరిస్తారు, ఎంత బదులిస్తారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

బదులు రాకపోతే ఏమవుతుందో 1970ల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ ఒక చిన్న ప్రయోగంతో చూపించాడు. దానికి నిశ్చల ముఖ ప్రయోగమని పేరు. తల్లి, నెలల బిడ్డ ఎదురెదురుగా కూర్చుని కాసేపు మామూలుగా ఆడుకుంటారు. ఆ తరువాత తల్లి కొద్ది నిమిషాలపాటు ముఖంలో ఏ భావమూ లేకుండా, మాటా నవ్వూ లేకుండా బిడ్డను ఊరికే చూస్తూ ఉండాలి. బిడ్డ మొదట నవ్వుతుంది, తల్లి నవ్వదు. చేతులు చాపుతుంది, తల్లి కదలదు. దేనినో వేలితో చూపించి కేరింత కొడుతుంది, అయినా ఫలితం ఉండదు. చివరికి ముఖం పక్కకు తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంటుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఆకలీ లేదు. బదులు రాకపోవడం ఒక్కటే ఆ ఏడుపుకు కారణం. తల్లి మళ్లీ నవ్వి దగ్గరకు తీసుకోగానే బిడ్డ కొద్దిసేపట్లోనే తేరుకుంటుంది.

ఈ ప్రయోగాన్ని ఉదహరించేవారు చాలామంది ఏడుపు దగ్గర ఆగిపోయి తల్లులను భయపెడతారు, అది సరికాదు. ప్రయోగంలో ముఖ్యమైన భాగం బిడ్డ తేరుకోవడమే. ఏ తల్లీ, ఏ తండ్రీ రోజంతా ప్రతి ఊకూ బదులివ్వలేరు, ఇవ్వనక్కరలేదు కూడా. తప్పిన వంతును మళ్లీ కలుపుకోవడం ఎలాగో బిడ్డ నేర్చుకునేది అలాంటి సందర్భాల్లోనే. ఇబ్బందంతా బదులు రాకపోవడమే రోజువారీ అలవాటైనప్పుడు. అన్నం తినిపించడానికి సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టి బిడ్డ ముందుంచితే, ముద్ద సులువుగానే దిగుతుంది. అయితే ఆ ఫోన్‌కు బిడ్డ కొట్టే ఊ వినపడదు. మాట వరుసకు, రేడియోకు కూడా వినపడదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్యగా పేరొందిన కామేశ్వరి బాలానందం అనే రేడియో కార్యక్రమంలో పిల్లలనే స్టూడియోకు పిలిపించి మాట్లాడించి, పాడించి, ఆడించడంలో ఎంత ఆలోచన ఉందో ఇప్పుడు మరింత బాగా అర్థమవుతుంది.

బదులివ్వడం బిడ్డ భవిష్యత్తును నిజంగా మారుస్తుందా, లేక అది వినడానికి ఇంపైన మాట మాత్రమేనా? ఈ ప్రశ్నకు గట్టి సమాధానం కరీబియన్ సముద్రంలోని జమైకా దీవి నుంచి వచ్చింది. 1986, 87 సంవత్సరాల్లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. అందరూ రెండేళ్ల లోపు వారు, అందరూ గిడసబారినవారు, అంటే దీర్ఘకాలం చాలీచాలని తిండి వల్లా పదే పదే వచ్చే జబ్బుల వల్లా వయసుకు తగ్గ ఎత్తు పెరగనివారు. వారిని చీటీ వేసినట్టుగా నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు వారం వారం కిలో పాలపొడి ఆహారం ఇచ్చారు. రెండో జట్టు ఇళ్లకు వారానికో గంట ఆరోగ్య కార్యకర్త వెళ్లి ఆటలాడించింది. మూడో జట్టుకు పాలపొడీ ఆటా రెండూ అందాయి. నాలుగో జట్టుకు మామూలు వైద్య సేవలే. ఇలా రెండేళ్లు సాగింది.

ఆ గంటలో ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. కార్యకర్త పెద్ద చదువులు చదివిన నిపుణురాలు కాదు; ఇక్కడి ఆశా కార్యకర్త వంటి మనిషి, ఆ వాడలకు తెలిసిన మనిషి. ఆమె సంచిలో కొనుక్కొచ్చిన బొమ్మలు ఉండేవి కావు. పారేసిన ప్లాస్టిక్ సీసాలు, మూతలు, అట్టముక్కలతో చేసిన ఆటవస్తువులు, చేత్తో తయారుచేసిన బొమ్మల పుస్తకాలు ఉండేవి. ఆమె బిడ్డతో ఆడి వెళ్లిపోయేది కాదు. తల్లి చేత ఆడించేది. బిడ్డ సీసాలో మూత వేయగానే తల్లి మెచ్చుకునేలా చూసేది, తల్లి చక్కగా ఆడిస్తే తల్లిని తాను మెచ్చుకునేది. నీళ్లు పోసేటప్పుడు చెయ్యి, కాలు, ముక్కు అని పేర్లు చెప్పమనేది, బట్టలు ఉతికేటప్పుడు రంగుల గురించి మాట్లాడమనేది. ఆటవస్తువును ఇంట్లోనే వదిలి, మరుసటి వారం వేరొకటి తెచ్చి పాతదాన్ని తీసుకెళ్లేది. మిగతా ఆరు రోజులూ ఆట తల్లి చేతిలో ఉండేది.

రెండేళ్లు గడిచేసరికి ఆహారం అందిన పిల్లలు మెరుగుపడ్డారు, ఆట అందిన పిల్లలూ మెరుగుపడ్డారు, రెండూ అందినవారు సాధారణంగా ఎదుగుతున్న పిల్లలను దాదాపు అందుకున్నారు. ఆశ్చర్యం ఆ తరువాత ఉంది. ఈ పిల్లలను పరిశోధకులు వదలకుండా ఏళ్ల తరబడి గమనించారు. బుద్ధి వికాసం విషయంలో పాలపొడి వల్ల కలిగిన మేలు బడి వయసుకల్లా క్రమంగా కనుమరుగైంది. ఆట వల్ల కలిగిన మేలు నిలిచింది. 17 ఏళ్ల వయసులో ఆట అందినవారిలో దిగులు, ఆందోళన తక్కువగా, తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించాయి. 22 ఏళ్ల వయసులో, ఆ గంట అందని జట్లవారి కంటే వారి సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది. మరోసారి చెప్పుకోదగిన మాట ఇది: వారానికి ఒక్క గంట, రెండేళ్లు మాత్రమే, పారేసిన సీసాలూ అట్టముక్కలూ. దాని ఫలితం ఇరవై ఏళ్ల తరువాత కూలి డబ్బుల్లో కనిపించింది.

ఎందుకు నిలిచిందన్న దానికి బహుశా ఒకే సమాధానం. కార్యకర్త రాక రెండేళ్లకు ఆగిపోయింది గానీ తల్లి ఆగిపోలేదు. పాలపొడి అయిపోగానే అయిపోయే వస్తువు. ఆడించడం ఒకసారి చేతికి వచ్చాక పోయే విద్య కాదు. బిడ్డకు మేలు చేయదలచిన సంఘం తల్లిని పక్కకు నెట్టి నేరుగా బిడ్డ దగ్గరకు వెళ్లడం కంటే, తల్లి చేతి మీదుగా వెళ్లడమే మెరుగని ఈ పరిశోధన సూచిస్తోంది. జమైకాలో తల్లి అన్నచోట తెలుగిళ్లలో తండ్రిని, తాతను, మేనత్తను కూడా చేర్చుకోవాలి. బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపుచ్చే తండ్రులు ఇక్కడ లేకపోలేదు. కాని బిడ్డతో ఆడటం తన పనుల్లో ఒకటని భావించే తండ్రులు ఇప్పటికీ తక్కువే.

ఈ మాట విని తిండి ముఖ్యం కాదనుకుంటే పొరపాటు. తిండి విషయంలో శ్రోతలకు దగ్గరి ఉదాహరణే ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఒక అధ్యయనం జరిగింది. కొన్ని గ్రామాల్లో అప్పటికే అంగన్‌వాడీ పథకం మొదలైంది, మిగతా గ్రామాలకు ఇంకా రాలేదు. పథకం ఉన్న గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా మిశ్రమంతో వండిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలే 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశీలిస్తే, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు దాదాపు సెంటీమీటరున్నర ఎత్తు ఎక్కువ ఉన్నారు. కంటికి ఆనే తేడా కాదది. కంటికి కనిపించని తేడా ఇంకా విలువైనది: వారి శరీరం ఇన్సులిన్‌ను, అంటే రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే స్రావాన్ని, మెరుగ్గా వాడుకుంటోంది, వారి రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. మధుమేహం, గుండెజబ్బు నడివయసులో వచ్చే జబ్బులని అందరూ అనుకుంటారు. వాటి నివారణకు బీజం అమ్మ కడుపులోనూ అంగన్‌వాడీ పళ్లెంలోనూ కూడా ఉంటుందని ఆ గ్రామాల పిల్లల ఒళ్లు చెబుతున్నాయి. ఆ ఉప్మా ఏ తల్లీ వ్యక్తిగతంగా సమకూర్చుకున్నది కాదు. ఊరికి ఒక పథకం వచ్చింది, పక్క ఊరికి ఇంకా రాలేదు, తేడా అంతే.

ఇక్కడి నుంచి పరిసరాలన్న మాటకు అసలైన అర్థంలోకి వెళ్లవచ్చు. పరిసరాలంటే ఇంటి శుభ్రత, ఇరుగుపొరుగుల నడవడి మాత్రమే కాదు. నీరు, గాలి, నేల, తల్లి చేసే పని, తండ్రికి దొరికే కూలి, ఇవన్నీ. అందుకు నల్లగొండ కంటే నిక్కచ్చి ఉదాహరణ దొరకదు. నేలలోని రాళ్ల నుంచి ఫ్లోరైడ్ అనే లవణం భూగర్భజలంలోకి కరుగుతుంది. అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటి ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే ఎముకల్లో, పళ్లలో పేరుకుంటుంది. ఎదుగుతున్న ఎముక దాన్ని మరింత ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి దెబ్బ ముందుగా పిల్లల మీదే పడుతుంది. 1937లోనే అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి దీనివల్ల వచ్చే వ్యాధి వైద్య పత్రికలకెక్కింది. తరువాతి దశాబ్దాల్లో నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల పేర్లు దేశమంతటికీ తెలిశాయి. గారపళ్ల వల్ల నోరు తెరిచి నవ్వడానికి సిగ్గుపడే పిల్లలు, మోకాళ్లు లోపలికి వంగి నడవలేని పిల్లలు ఆ ఊళ్లలో ఇంటింటా కనిపించేవారు.

ఆ తల్లుల ప్రేమలో లోపం ఏముంది? బిడ్డకు దాహమైతే నీళ్లు పట్టారు. ఆ నీళ్లలో విషం ఉంది. ఏ పెంపకపు పుస్తకమూ, ఏ ఓర్పూ ఆ నీటిని మార్చలేవు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది గానీ, ఇంటింటా రోజూ చేయడం కష్టమైన పని. పరిస్థితి మారింది కృష్ణా నీరు పైపుల్లో ఊళ్లకు రావడం మొదలైనప్పుడే, దాని వెనక దశాబ్దాల పోరాటం ఉంది. పిల్లల పెంపకం గురించి ఉపన్యసించేవారు నల్లగొండను గుర్తుంచుకుంటే తల్లులను తప్పుపట్టే ముందు కొంచెం తడబడతారు, ఆ తడబాటు మంచిదే.

నీరు కనిపించే పరిసరం. అలసట కనిపించని పరిసరం. పత్తిచేలో కలుపు తీసే తల్లి గట్టు మీది వేపచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెడుతుంది. ఊపేది ఏడెనిమిదేళ్ల అక్క. బిడ్డ ఉంగా అంటే బదులిచ్చేదీ ఆ అక్కే, బడి మానుకుని. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చేవారి పిల్లలకు, పాలమూరు నుంచి దూర నగరాల కట్టడాలకు వెళ్లేవారి పిల్లలకు ఇల్లన్నదే ఏడాదిలో కొన్ని నెలలు టార్పాలిన్ కింద ఉంటుంది. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులు అక్కడి పిల్లలను సాకుతూ తమ పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి, రాత్రిపూట వీడియో కాల్‌లో పలకరిస్తారు. ఆ పిల్లల్లో చాలామంది చక్కగానే ఎదుగుతారు, ఎందుకంటే అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ కూడా లేనిచోటే చిక్కంతా.

బిడ్డకు భయమో బాధో కలిగినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే స్రావం పెరుగుతుంది. ఇది సహజం, కొంతవరకు అవసరం కూడా. ఎవరైనా ఎత్తుకుని ఓదార్చగానే అది తగ్గుతుంది. ఓదార్చేవారు లేక, ఇంట్లో రోజూ తాగుడూ తగాదాలూ సాగుతూ ఆ స్రావం చాలాకాలం ఎక్కువగానే ఉండిపోతే, జ్ఞాపకశక్తికి, నిగ్రహానికి ఆధారమైన మెదడు భాగాల ఎదుగుదల దెబ్బతింటుంది. దీన్నే శాస్త్రజ్ఞులు విషతుల్యమైన ఒత్తిడి అంటారు. అలాంటి బిడ్డ బడిలో పాఠం వినదు, పక్కపిల్లను గిల్లుతుంది, అల్లరిపిల్ల అనిపించుకుంటుంది, దెబ్బలు తింటుంది. ఆ దెబ్బ ఒత్తిడిని ఇంకొంచెం పెంచుతుంది. పిల్లలను కొట్టడం పెంపకంలో భాగమని నమ్మే కాలంలోనే రచయిత చలం బిడ్డల శిక్షణ అనే పుస్తకంలో దాన్ని తీవ్రంగా ఖండించాడు. అప్పట్లో అది విపరీత వాదంగా తోచింది. ఈనాటి శాస్త్రం దాదాపు ఆ పక్షానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో కొట్టడం మాత్రం ఇప్పటికీ ఇంటి విషయంగానే మిగిలింది.

సారాంశంగా రెండు మాటలు శ్రోతలు గుర్తుంచుకుంటే చాలు. బిడ్డ ఊకు బదులు కావాలి. బదులిచ్చే మనిషికి తీరిక కావాలి. మొదటిది ఇల్లు ఇవ్వగలదు. రెండోది ఇల్లు ఒక్కటే ఇవ్వలేదు. ఆ తీరిక జీతం నుంచి, నీటి కుళాయి నుంచి, ఊళ్లో నడిచే అంగన్‌వాడీ నుంచి రావాలి. ఇది ఆచరణసాధ్యమేనా అన్న సందేహానికి ఇరుగు రాష్ట్రాల్లోనే ఆధారాలు ఉన్నాయి. జమైకా పద్ధతిని ఒడిశాలోని కటక్ నగరపు బస్తీలకు అనువుగా మార్చి, స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపితే, ఏడాదిన్నరలో పిల్లల గ్రహణశక్తి మెరుగుపడింది.

ఇక అంగన్‌వాడీ విషయం. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక కేంద్రం ఉంది, ఒక టీచర్, ఒక ఆయా ఉన్నారు. ఉదయం వచ్చింది మొదలు టీచర్ పని గుడ్ల లెక్క, బాలామృతం అనే పిల్లల పోషకాహారపు పొట్లాల పంపిణీ, బరువులు తూచడం, రిజిస్టర్లు, ఫోన్‌లో వివరాల నమోదు, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం. పిల్లల మధ్య కూర్చుని కథ చెప్పే సమయం చివరికి మిగిలితే మిగులుతుంది. అలాంటి కేంద్రాల్లోనే తమిళనాడులో ఒక ప్రయోగం చేశారు. కొన్ని అంగన్‌వాడీలకు సగం పూట పనిచేసే మరో మహిళను అదనంగా ఇచ్చారు. ఆమె పని పిల్లలకు చదువు, ఆట నేర్పడం మాత్రమే. పిల్లలకు నేర్పే సమయం రెట్టింపయింది, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు ముందుకు వెళ్లారు. అంతేకాదు, పాత టీచర్‌కు కాస్త ఊపిరాడి తిండి, ఆరోగ్యం పనుల మీద దృష్టి పెట్టగలగడంతో గిడసబారిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. కొత్త భవనం కట్టలేదు, టాబ్లెట్లు పంచలేదు. సగం పూటకు ఒక మనిషిని పెంచారు. తెలుగు రాష్ట్రాల అంగన్‌వాడీ జీతాల పద్దులో ఆ సగం పూట మనిషికి చోటు కల్పించడం ఎలాగన్నది ఇక ప్రభుత్వాలు, పంచాయతీలు, పిల్లల తల్లిదండ్రులు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.